జబ్బు లేనోళ్ళకి ఎబోలా మందు ఎందుకు ఎక్కించారు? తొలి దశ పరీక్షల మీద చర్చ

పెన్నగట్టు (నెల్లూరు):

అందరికీ నమస్కారం. మా పాప బీఫార్మసీ మూడో సంవత్సరం చదవతా ఉండాది. సెమినార్ కోసం ఎబోలా మందు మీద తయారవతా, నిన్న ఇంట్లో చదివి వినిపించింది. ఆ మందుని మొట్టమొదట అమెరికాలో 18 మంది ఆరోగ్యంగా ఉన్నోళ్ళకి ఎక్కించారంట. మా అమ్మ పక్కనే కూర్చోని వింటా ఉండి, "జబ్బు లేనోళ్ళకి మందెందుకే? ముందు ఆ పురుగు ఎక్కించి తర్వాత మందిస్తారా?" అనింది. పాప కాదనింది గానీ, మరి ఎందుకో అవ్వకి అర్థమయ్యేట్టు చెప్పలేకపోయింది. నాది ఎరువుల కొట్టు, నాకు ఈ సంగతులు తెలీవు. తెలిసినోళ్ళు కాస్త వివరంగా రాయండి. ఇంకో అనుమానం కూడా ఉండాది. ఆ 18 మందికి ఏమీ కాలేదంటే మందు పనిచేస్తుందని అర్థమా?

ఒంగోలు_మాస్టారు (ఒంగోలు):

పెన్నగట్టు గారూ, మీ అమ్మగారు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నేను ఫార్మకాలజీ చెబుతాను, నా క్లాసులో కూడా ఏటా ఎవరో ఒకరు ఇదే అడుగుతారు.

ముందు భయం తీరుద్దాం. వైరస్ ఎక్కించరు. ఎబోలా లాంటి ప్రాణాంతక జ్వరాన్ని మనిషికి కావాలని అంటించడం ఏ దేశంలోనూ ఒప్పుకోరు. ఆ 18 మంది ఒంట్లోకి వెళ్ళింది మందు ఒక్కటే.

తొలి దశలో అడిగేవి మూడే సంగతులు. ఎంత మోతాదు దాకా ఒళ్ళు తట్టుకుంటుంది, మందు రక్తంలో ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఏమేం ఇబ్బందులు వస్తాయి. ఇవి రోగి మీద చూస్తే తేలవు. ఎబోలా వచ్చిన మనిషికి అప్పటికే జ్వరం, వాంతులు, విరేచనాలు, లివరూ కిడ్నీలూ దెబ్బతిని ఉంటాయి. ఆ మనిషికి కొత్త మందిచ్చాక లివర్ రిపోర్టు ఇంకా చెడితే అది వైరస్ పనా, మందు పనా? ఎవరూ చెప్పలేరు. ఆరోగ్యవంతుడికి నిన్న బాగున్న రిపోర్టు ఇవాళ మారితే చూపు నేరుగా మందు మీదికి వెళ్తుంది.

మీ పాప చదివింది ఎంఏబీ114 అనే యాంటీబాడీ గురించి అయి ఉంటుంది. యాంటీబాడీ అంటే జబ్బు క్రిమిని అడ్డుకోవడానికి ఒళ్ళు తయారుచేసుకునే ప్రోటీన్. దాని పుట్టుక చెప్పాలి, నాకు చాలా ఇష్టమైన కథ. 1995లో కాంగోలోని కిక్విట్ ఊళ్ళో ఎబోలా వచ్చింది. 315 మందికి సోకితే 250 మందికి పైగా పోయారు. బతికి బయటపడ్డ ఒకరి రక్తం పదేళ్ళు దాటాక తీసి చూస్తే, వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు ఇంకా ఉన్నాయి. వాటిలో ఒకదాన్ని పట్టి మందుగా తయారుచేశారు. 1976లో ఎబోలా మొదటిసారి బయటపడినప్పుడు కాంగోలోని యంబుకు అనే ఊరికి వెళ్ళిన డాక్టర్ ముయెంబే కృషి ఇందులో ఉంది. ఆయన కాంగో వాడే.

2018 మే నెలలో అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో మనుషుల మీద మొదలుపెట్టారు. ముందు ముగ్గురికి కిలో బరువుకి 5 మిల్లీగ్రాములు. తర్వాత అయిదుగురికి 25, ఆపైన పదిమందికి 50. అంటే 60 కిలోల మనిషికి మొదట 300 మిల్లీగ్రాములు, చివరికి 3000. కింది మోతాదు వాళ్ళ రిపోర్టులు చూశాకే పై మెట్టు ఎక్కారు. అరగంటలో సెలైన్‌లాగా ఎక్కించి, ఆర్నెల్ల దాకా పిలిచి రక్తం చూశారు. కొందరికి తలనొప్పి, ఒళ్ళునొప్పులు, చలి లాంటివి వచ్చి తగ్గిపోయాయి, ప్రమాదకరమైనదేదీ రాలేదు.

రెండో ప్రశ్నకి జవాబు: కాదు. ఏమీ కాలేదంటే "ఈ మోతాదులో ఇచ్చి చూడొచ్చు" అని మాత్రమే. జబ్బు తగ్గిస్తుందో లేదో ఆ 18 మంది చెప్పలేరు, వాళ్ళకి జబ్బే లేదు కదా.

పెన్నగట్టు:

మాస్టారూ, మా లెక్కలో చెప్పాలంటే ఇదీ అంతేనా? కొత్త పురుగు మందు వస్తే రైతు ముందు మడిలో ఒక మూల కొట్టి ఆకు మాడుతుందేమో చూసుకుంటాడు. పురుగు చస్తుందా లేదా అనేది తర్వాత సంగతి. అమ్మకి ఇట్టా చెప్తే టక్కున పట్టేసింది.

ఒంగోలు_మాస్టారు:

సరిగ్గా అంతే. మా పిల్లలకి కూడా ఇలాగే చెబుతాను ఇకనించి.

మైపాడు_తీరం (ఇందుకూరుపేట మండలం):

ఒక మాట అడుగుతా, కోపం తెచ్చుకోబాకండి. 18 మందిని చూసి సురక్షితం అనడం ఏ లెక్క? మా ఊళ్ళో ఒక్క వీధిలో అంతకంటే ఎక్కువ మంది ఉంటారు. ఇంకోటి, కోతికి ఏం కాలేదు కాబట్టి మనిషికీ ఏం కాదనుకుంటే ఏమవుతుందో లండన్‌లో చూశాం గదా.

ఒంగోలు_మాస్టారు:

అడగడమే మంచిది. లెక్క చెబుతాను. 18 మందిలో ఒక్కరికి కూడా ఒక ప్రమాదం రాలేదంటే, అసలు ఆ ప్రమాదమే లేదని కాదు. నూటికి 15 మంది దాకా వచ్చే ముప్పు ఉన్నా, 18 మందిలో అది కనిపించకుండా జారిపోయే అవకాశం కొద్దిగా ఉంటుంది. వెయ్యిమందిలో ఒకరికి వచ్చే ప్రమాదం ఈ దశలో అసలు దొరకదు. అందుకే తొలి దశ దాటిన మందుని "సురక్షితం" అని పేపర్లో రాస్తే నాకు ఒళ్ళు మండుతుంది. "ఇంతవరకు పెద్ద ప్రమాదం కనిపించలేదు" అనాలి.

లండన్ సంగతి తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. 2006 మార్చి 13న నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో టీజీఎన్1412 అనే మందు ఇచ్చారు. అది వైరస్ జ్వరాలది కాదు, కానీ అదీ యాంటీబాడీయే. ఎనిమిది మంది కుర్రాళ్ళు, ఆరుగురికి మందు, ఇద్దరికి ఉత్తి ద్రవం. జంతువుల్లో ఇబ్బంది లేదన్న మోతాదులో 500వ వంతే ఇచ్చారు. అయినా గంటన్నర తిరక్కుండానే మందు పడ్డ ఆరుగురికీ తలనొప్పి, వణుకు, వాంతులు. తర్వాత ఊపిరితిత్తులు, కిడ్నీలు దెబ్బతిని ఐసీయూకి వెళ్ళారు. అందరూ బతికారు, ఒకరికి మాత్రం కాలివేళ్ళు, చేతివేళ్ళ కొసలు పోయాయి.

అందులో నన్ను ఇప్పటికీ బాధపెట్టేది మోతాదు కాదు. ఆ ఆరుగురికీ పదేసి నిమిషాల తేడాతో ఒకరి తర్వాత ఒకరికి ఎక్కించుకుంటూ పోయారు. మొదటివాడికి ఏమవుతుందో చూడటానికి ఆగి ఉంటే మిగతా అయిదుగురు తప్పించుకునేవాళ్ళు. ఆ తర్వాతే యూరప్‌లో నియమాలు గట్టిపడ్డాయి. కొత్త రకం మందైతే ముందు ఒక్కరికి ఇచ్చి, కాపలా కాసి, ఆ తర్వాతే రెండోవాళ్ళ దగ్గరికి వెళ్ళడం ఇప్పుడు రివాజు.

ఉదయగిరి_దుర్గం (ఉదయగిరి):

అన్నా, అయితే కరోనాకి ఆనందయ్య గారిచ్చిన కృష్ణపట్నం నాటుమందు సంగతేంది? 2021లో లక్షణంగా వేలమంది తీసుకున్నారు గదా. అంతకంటే పెద్ద పరీక్ష ఏముంటుంది? 18 మంది యాడ, మా జనం యాడ.

ఒంగోలు_మాస్టారు:

తమ్ముడూ, జనం నమ్మకాన్ని నేను తక్కువ చేయను. ఆ రోజుల్లో ఆక్సిజన్ దొరక్క, మంచం దొరక్క మనుషులు పోతుంటే ఆనందయ్య గారి ఇంటిముందు క్యూ కట్టిన వాళ్ళని ఎవరూ తప్పుపట్టలేరు. కానీ పరీక్ష అంటే మందు తీసుకున్న ప్రతి మనిషి పేరు, తీసుకునే ముందు రిపోర్టు, తీసుకున్నాక రిపోర్టు, తీసుకోనివాళ్ళతో పోలిక ఉండాలి. అక్కడికి వచ్చినవాళ్ళు మందు తీసుకుని ఊళ్ళకి వెళ్ళిపోయారు. బాగైనవాళ్ళ మాట పదిమందికి తెలిసింది, బాగుపడనివాళ్ళు ఏమయ్యారో రాసినవాళ్ళు లేరు. కరోనా వచ్చిన వందమందిలో చాలామందికి ఏ మందూ లేకుండానే తగ్గేది, అదొకటి.

మే 21న పంపిణీ ఆపించి, ఆయుర్వేద పరిశోధన మండలి చేత చూపించాక మే 31న ప్రభుత్వం అనుమతి ఇచ్చింది, కంటి చుక్కలు మినహాయించి. హాని కనిపించలేదన్నారు, కరోనా తగ్గిస్తుందన్న రుజువూ లేదన్నారు. పెన్నగట్టు గారి ప్రశ్నకి ఇది మీ నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఉదాహరణ. హాని లేదనడం ఒక సంగతి, పనిచేస్తుందనడం ఇంకో సంగతి.

ఉదయగిరి_దుర్గం:

మా పెదనాయనకి దాంతోనే తగ్గిందని ఇంట్లో అందరూ నమ్ముతారు మాస్టారూ. నేనూ నమ్ముతా. కానీ రాసిపెట్టినోళ్ళు లేరన్నది మాత్రం నిజం.

కావలి_సిస్టర్ (కావలి):

నేను స్టాఫ్ నర్సుని. ఎబోలా మందు అంటే మనకి సంబంధం లేదనుకుంటున్నారేమో, 2021 వేసవిలో మీ అందరి ఇళ్ళలో వినిపించిన మందు ఒకటి ఎబోలా కోసం పరీక్షించిందే. రెమ్‌డెసివిర్. ఒక్క వయల్ కోసం నెల్లూరు, ఒంగోలు, చెన్నై తిరిగిన బంధువులు నాకు తెలుసు.

దాని కథ వినండి. ఆరోగ్యవంతుల మీద తొలి దశ పరీక్షలు జరిగాయి. తర్వాత 2018 నవంబరులో కాంగోలో ఎబోలా రోగుల మీద నాలుగు మందుల్ని పోటీపెట్టారు, పామ్ అనే పరీక్ష. మొత్తం 681 మంది రోగులు. రెమ్‌డెసివిర్ తీసుకున్నవాళ్ళలో నూటికి 53 మంది పోయారు. జడ్‌మ్యాప్‌లో దాదాపు 50. మాస్టారు చెప్పిన ఎంఏబీ114లో 35, ఆర్‌ఈజీఎన్-ఈబీ3లో 33 చిల్లర. తేడా అంత స్పష్టంగా కనిపించేసరికి 2019 ఆగస్టులో ఓడిన రెండు మందులు ఆపి, అందరికీ గెలిచిన రెండిట్లో ఒకటి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ రెండిటికీ 2020లో అమెరికాలో అనుమతి వచ్చింది.

ఎబోలాలో ఓడిపోయిన రెమ్‌డెసివిర్‌ని 2020లో కరోనాకి అంత తొందరగా ఎట్టా వాడగలిగారు? మనిషికి ఎంత మోతాదు ఇవ్వొచ్చో, లివర్ ఎంజైములు ఎట్టా చూసుకోవాలో అప్పటికే తెలిసి ఉంది కాబట్టి. పనిచేయడం మాత్రం మళ్ళీ మొదట్నించీ చూసుకోవాల్సి వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ పరీక్షలో చావుల మీద దాని ప్రభావం పెద్దగా లేదని 2020 అక్టోబరులో తేలింది. ఆ తర్వాత కూడా ఇక్కడ జనం నగలు కుదువబెట్టి కొన్నారు. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మైపాడు_తీరం:

సిస్టర్, మీరు చెప్పిందంతా బాగుంది. నా బాధ వేరే. ఈ పరీక్షలకి ఒళ్ళు అప్పజెప్పేది ఎవరు? ఉన్నోళ్ళ పిల్లలు కాదు. ఉమ్మడి రాష్ట్రంలో 2009లో ఖమ్మం జిల్లా గిరిజన ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2010 ఏప్రిల్లో ఆపారు. వాళ్ళలో కొందరు పిల్లలు చనిపోయారు, ఆ చావులకి టీకా కారణం కాదని తేల్చారు, సరే. కానీ ఆ సంతకాల గురించి 2013లో పార్లమెంటు కమిటీయే గట్టిగా తప్పుపట్టింది. 2011లో పిడుగురాళ్ళ ఆడవాళ్ళని హైదరాబాదు తీసుకెళ్ళి క్యాన్సర్ మందు పరీక్షల్లో పెట్టారని ఎంత గొడవైంది? కూలికి పోతున్నామనుకోని పోయినట్టు పోయారు పాపం. ఆ కాగితాల్లో ఏముందో వాళ్ళకి ఎవరు చెప్పారు?

నిర్వాహకులు:

సభ్యులకు మనవి. ఆసుపత్రులు, కంపెనీల మీద సొంత అనుభవాలు రాసేటప్పుడు పేర్లు రాయవద్దు. చర్చ కొనసాగించండి.

కనిగిరి_వేపచెట్టు (కనిగిరి):

నేను పోయినోణ్ణే. డిగ్రీ అయినాక ఉద్యోగం లేక, హైదరాబాదులో మా ఊరి కుర్రాళ్ళు చెప్తే పోయినా. అది కొత్త మందు కాదు, ఉన్న మందునే ఇంకో కంపెనీ తయారుచేస్తే రెండూ రక్తంలో ఒకేలా కలుస్తున్నాయా అని చూసే పరీక్ష. పొదిలి, దర్శి, కనిగిరి వైపు నించి చాలామంది పోతారు. వానల్లేని ఊళ్ళు గదా.

లోపల ఎట్టా ఉంటదో చెప్తా. ముందు రోజే చేర్చుకుంటారు. సంచి వెతికి బీడీలు, పాన్‌పరాగ్, బిస్కెట్లు అన్నీ తీసేసుకుంటారు. చేతికి నంబరు పట్టీ. తెల్లారి ఖాళీ కడుపుతో చేతి నరానికి సూది గుచ్చి గొట్టం బిగిస్తారు. మాత్ర వేసుకుంటే నీళ్ళు కొలిచి ఇస్తారు, గ్లాసు ఖాళీ చేయాలి. తర్వాత నోరు తెరవమని టార్చి వేసి, నాలుక కింద, బుగ్గల పక్కన చూస్తారు, మింగామా దాచామా అని. ఆ తర్వాత పడుకోనియ్యరు, కూర్చోబెడతారు. గోడ మీద గడియారం చూస్తా ఒకాయన నంబరు పిలుస్తాడు, ఆ నిమిషానికే రక్తం తీయాలి. మొదట పావుగంటకోసారి, పోనుపోను గంటకోసారి. అన్నం కూడా అందరికీ ఒకటే కొలత, వదిలేస్తే రాసుకుంటారు. లోపల క్రమశిక్షణ బాగానే ఉంటది, అబద్ధం చెప్పను.

నాకు నచ్చనిది సంతకం పెట్టించే తీరు. కాగితం తెలుగులోనే ఉంది, ఇరవై పేజీల దాకా. హాల్లో అందర్నీ కూర్చోబెట్టి ఒకాయన గడగడా చదివేశాడు. వెనక నిలబడ్డోళ్ళకి వినపడనే లేదు. "ఏమన్నా డౌట్లు ఉన్నాయా" అన్నాడు. అడిగితే తీసుకోరేమోనని ఎవరూ నోరు తెరవలా. రెండు పరీక్షల మధ్య మూణ్ణెల్ల ఎడం ఉండాలని చెప్తారు గానీ, ఒకచోట పేరిచ్చి ఇంకోచోటికి పోయేవాళ్ళని చూశా. వాళ్ళ రక్తంలో పాత మందు మిగిలుంటే వాళ్ళకీ ముప్పే, పరీక్ష కూడా తప్పే.

ఒంగోలు_మాస్టారు:

కనిగిరి తమ్ముడు రాసింది మా పాఠ్యపుస్తకాల్లో ఉండదు. చాలా విలువైన మాట.

రూలు ఏమిటో కూడా అందరికీ తెలియాలి. 2019లో కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. పరీక్షలో చేరేవాళ్ళ మంచిచెడ్డలు చూసే రిజిస్టరైన ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకుండా మొదలుపెట్టకూడదు. మనిషికి అర్థమయ్యే భాషలో చెప్పి, ప్రశ్నలు అడిగే సమయం ఇచ్చి, సంతకం చేసిన కాగితం కాపీ చేతికివ్వాలి. చదువురాని వాళ్ళయితే పరీక్షతో సంబంధం లేని సాక్షి ఉండాలి. పరీక్ష వల్ల దెబ్బతింటే ఉచిత వైద్యం, నష్టపరిహారం. ఎప్పుడైనా కారణం చెప్పకుండా బయటికి రావొచ్చు. దేశంలో జరిగే మందుల పరీక్షలు నమోదుచేసే సీటీఆర్‌ఐ వెబ్‌సైటులో ఆ పరీక్ష నమోదై ఉందో లేదో ఎవరైనా చూసుకోవచ్చు, 2009 జూన్ నించి అది తప్పనిసరి.

మైపాడు గారి కోపంలో న్యాయం ఉంది. ఆ కోపం పరీక్షల మీద కాకుండా, దొంగ సంతకాల మీదికి వెళ్ళాలని నా కోరిక. పరీక్షలే ఆపేస్తే చివరికి పరీక్షించని మందు పడేదీ ఆ పేదవాడి ఒంట్లోనే.

మైపాడు_తీరం:

ఆ చివరి మాట ఒప్పుకుంటా. కానీ రూలు కాగితం మీద ఉండటం వేరు మాస్టారూ. కనిగిరి అబ్బాయి హాల్లో వెనక నిలబడ్డోళ్ళకి వినపడలా. నా ప్రశ్న అక్కడే ఉండాది.

పెన్నగట్టు:

అందరికీ చేతులెత్తి దండం. పాప ఇవన్నీ చదివి ఒక ప్రశ్న రాయమనింది. "టీకేఎం-ఎబోలా అనే మందుని మధ్యలో ఆపేశారంట, కోతుల్లో బాగా పనిచేసినా. ఎందుకు?"

ఒంగోలు_మాస్టారు:

మంచి ఉదాహరణ పట్టుకుంది. ఆ మందు వైరస్ జన్యువుల పనిని మూగబోయేట్టు చేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు, కొవ్వు బుడగల్లో చుట్టి ఇస్తారు. 2010లో వచ్చిన ఫలితాల్లో ఏడు మోతాదులు అందిన నాలుగు కోతులూ బతికాయి. 2014 జనవరిలో ఆరోగ్యవంతుల మీద తొలి దశ మొదలైంది. పై మోతాదుల్లో ఒంట్లో సైటోకైన్లు, అంటే రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే రసాయనాలు, ఎగిసి ఫ్లూ లాంటి లక్షణాలు కనిపించాయి. లండన్‌లో ఆ ఆరుగుర్ని పడగొట్టిందీ సైటోకైన్లే, అది గుర్తున్న వాళ్ళకి సైటోకైన్ అనే పేరు వింటేనే గుండె ఝల్లుమంటుంది. జులైలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆపమంది.

సరిగ్గా అదే వేళకి పశ్చిమాఫ్రికాలో గినీ, సియెర్రా లియోన్, లైబీరియాల్లో ఎబోలా చెలరేగింది. 2016 దాకా 28,600 మందికి పైగా సోకి, 11,300 మంది పైచిలుకు పోయారు. అందుకని ఆగస్టులో ఆంక్ష కొంత సడలించి, జబ్బుపడ్డవాళ్ళకి ఇవ్వడానికి వీలు కల్పించారు. ఆరోగ్యవంతుడికి ఆ ముప్పు అక్కర్లేదు, సగం మంది చచ్చిపోయే జబ్బులో ఉన్నవాడికి ఆ ముప్పు తీసుకోవడంలో అర్థం ఉంది. మందు ఒకటే అయినా మనిషిని బట్టి లెక్క మారింది చూడండి. మీ పాపని సెమినార్లో ఈ భాగం మీద ఎక్కువసేపు మాట్లాడమనండి.

చివరికి సియెర్రా లియోన్‌లో రోగులకి ఇచ్చి చూశారు. ప్రయోజనం తేలేట్టు లేదని 2015 జూన్‌లో ఆపేశారు. కోతి బతికింది, మనిషి విషయంలో కలిసిరాలేదు.

కావలి_సిస్టర్:

మనకి దగ్గరి జ్వరం నిపా. 2018 మేలో కోళిక్కోడ్‌లో వచ్చినప్పుడు రోగికి సేవ చేసిన నర్సు లిని పుతుస్సేరి పోయింది. ఆ వార్త విన్న రాత్రి మా డ్యూటీ రూములో ఎవరమూ మాట్లాడలేకపోయాం. ఆ జబ్బు వస్తే నూటికి 40 నించి 75 మంది దాకా పోతారు, అనుమతి వచ్చిన మందు ఇప్పటికీ లేదు.

అప్పుడు కేరళ వాళ్ళు ఆస్ట్రేలియా నించి ఎం102.4 అనే యాంటీబాడీ తెప్పించుకున్నారు. తెప్పించుకోగలిగారంటే కారణం, అంతకుముందే 2015, 2016లో బ్రిస్బేన్‌లో 40 మంది ఆరోగ్యవంతులు దాన్ని ఎక్కించుకుని ఉన్నారు. ఎంత ఇవ్వొచ్చో వాళ్ళ ఒళ్ళే చెప్పింది. మనుషుల్లో నిపాని తగ్గిస్తుందన్న రుజువు ఇంకా రాలేదు. నిపా ఎప్పుడొస్తుందో, ఎంతమందికొస్తుందో తెలీదు, పదిమందికొచ్చి ఆగిపోతే పోల్చి చూసేదెట్టా? అందుకే తొలి దశ అయినా ముందే పూర్తిచేసి, మందు ఫ్రిజ్‌లో పెట్టుకోవాలని నేను గట్టిగా అంటా. జ్వరం వచ్చాక మొదలుపెడితే అందదు.

పెన్నగట్టు:

సిస్టర్, అమ్మకి మీరు రాసింది చదివి వినిపించా. ఆ 40 మంది, ఈ 18 మంది డబ్బుకోసమే ఒప్పుకున్నారా అని అడగమంటా ఉండాది.

కనిగిరి_వేపచెట్టు:

వాళ్ళ సంగతి నేను చెప్పలేను అవ్వా. నేను పోయింది మాత్రం డబ్బుకే. కానీ మాతోపాటు ఒకాయన ఉండేవాడు, చీమకుర్తి క్వారీలో పనిచేసి మానేసినాయన. వాళ్ళమ్మకి బీపీ మాత్రలు వేసి పదేళ్ళు కాపాడుకున్నాడంట. ఎవరో ఒకరు ముందు మింగబట్టే గదా మా అమ్మకి ఆ మాత్ర వచ్చింది అనేవాడు. డబ్బూ తీసుకున్నాడు, ఆ మాటా అన్నాడు. రెండూ నిజమే.

పెన్నగట్టు గారూ, మీ పాప రేపు ఉద్యోగంలో చేరి ఇట్టాంటి చోట పనిచేస్తే ఒక్కటి చెప్పండి. కాగితం చదివేటప్పుడు హాల్లో వెనక్కి వచ్చి నిలబడి చదవమనండి.

మైపాడు_తీరం:

ఔను. చదివినాక ఒక్కొక్కర్నీ పక్కకి పిలిచి, ఏం అర్థమైందో వాళ్ళ నోటితో చెప్పించుకోమనండి. చెప్పలేనోళ్ళ దగ్గర సంతకం తీసుకోబాకమనండి.

పెన్నగట్టు:

పాప రాసుకుంది. సెమినార్ శుక్రవారం. అయినాక ఏమడిగారో ఇక్కడ పెడతా.